జపనీస్‌లో అంతస్తుల లెక్క: అప్పజెప్పడం వచ్చి, లిఫ్ట్ దగ్గర తడబడిన ఒక కేస్

విద్యార్థిని జీఎన్ఎం నర్సింగ్ చదివిన తెలుగు అమ్మాయి. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనికి సిద్ధమవుతోంది. అక్కడ ఈ పనిని కయిగొ అంటారు. 2019 ఏప్రిల్‌లో మొదలైన తొకుతెయ్ గినో వీసా (నైపుణ్యం ఉన్న విదేశీ పనివాళ్లకిచ్చేది) మీద ఈ రంగంలోకి వెళ్లాలంటే నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 స్థాయి గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. కయిగొకు అదనంగా ఇంకో భాషా పరీక్ష ఉంటుంది. ఆమె ఎన్4 గట్టెక్కింది. వాక్యం కట్టగలదు, మామూలు కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన లిపి అక్షరాలు, చదవగలదు. అంతస్తులు చెప్పమంటే ఇక్కయి, నికయి, సంగయి అంటూ జుక్కయి దాకా ఎక్కాలు అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది.

కాగితం మీద గీసిన లిఫ్ట్ బటన్లు ముందు పెట్టి, "భోజనాల గది మెట్లెక్కగానే వచ్చే అంతస్తులో ఉంది, అక్కడికి రమ్మని చెప్పు" అంటే ఇక్కయి అంది. ఉచ్చారణ ఏ వంకా పెట్టడానికి లేనంత బాగుంది. చెప్పిన అంతస్తే తప్పు. జపాన్‌లో ఇక్కయి అంటే వీధిలోంచి తలుపు తీసుకుని అడుగుపెట్టే చోటు, మన గ్రౌండ్ ఫ్లోర్. మెట్లెక్కగానే వచ్చేది నికయి.

ఈ కేస్‌లో మొదట తేలిన సంగతి ఇదే. ఉచ్చారణ తప్పితే ఎదుటివాళ్లు ముఖం చిట్లిస్తారు, మళ్లీ అడుగుతారు, దిద్దుతారు. లెక్క తప్పితే ఎవరూ దిద్దరు. మాట శుభ్రంగా ఉంది కాబట్టి నమ్మి ఆ అంతస్తుకే వెళ్తారు. అందుకే ఈ పాఠంలో శబ్దం కంటే ముందు లెక్క నేర్పాలి. చాలా క్లాసుల్లో పట్టిక ముందు ఇచ్చి, గ్రౌండ్ ఫ్లోర్ సంగతి కింద ఒక చిన్న గమనికగా వదిలేస్తారు. ఆ వరస తిరగేయాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకున్న తీరు

నాలుగు రకాలుగా పరీక్షించాం. మొదటిది వరసగా అప్పజెప్పడం. రెండోది అంకె కార్డు చూపిస్తే అంతస్తు పేరు చెప్పడం, కార్డులు కలిపేసి. మూడోది తెలుగులో చోటు చెబితే జపనీస్‌లో అంతస్తు చెప్పడం, అంటే "గ్రౌండ్ ఫ్లోర్ మీద రెండోది" లాంటివి. నాలుగోది మేం పలికితే ఆమె బటన్ మీద వేలు పెట్టడం.

మొదటిదాంట్లో ఒక్క తప్పూ లేదు. రెండోదాంట్లో 6, 8 కార్డులకు పెదాలు కదిలాయి. లోపల్లోపల ఇక్కయి దగ్గర మొదలుపెట్టి పైకి లెక్కపెట్టుకుంటోంది. జవాబు సరైనదే, కానీ లిఫ్ట్ తలుపు మూసుకునేలోగా రాదు. మూడోదాంట్లో ప్రతి జవాబూ ఒక అంతస్తు కిందికి వచ్చింది. నాలుగోదాంట్లో 12కూ 20కీ తేడా పోయింది, 13కూ 30కీ తేడా పోయింది. 7 అంటే, ఏ అంతస్తు అని అడుగుతున్నామనుకుని మా ముఖం వైపు చూసింది.

ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. ఒకే మందు, అంటే పట్టికను ఇంకో ఇరవై సార్లు చదివించడం, ఏ ఒక్కదానికీ పనిచేయదు.

మొదటి మందు: జి ప్లస్ భాష

మన దగ్గర ఇళ్ల ప్రకటనల్లో జి+2, జి+4 అని రాస్తారు. తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి వంతెన లేదు. జి+2 ఇంట్లో మొత్తం మూడు శ్లాబులు, కాబట్టి జపనీస్‌లో అది సంగయిదతె. జి+4 అయితే గొకయిదతె. అంతస్తు అనే అర్థమున్న కయి పక్కన దతె చేరిస్తే భవనం మొత్తం ఎన్ని అంతస్తులదో చెప్పినట్టు. ఒక్క అంతస్తుదే అయితే హిరయ అనే వేరే మాట వాడతారు.

ఇక్కడ తెలుగులోనే ఒక చిక్కుంది. దాన్ని బయటపెడితే పని సులువవుతుంది. "రెండంతస్తుల మేడ" అన్నప్పుడు మనం కింది భాగాన్ని కూడా కలిపే లెక్కపెడతాం. "రెండో అంతస్తులో ఉంటున్నాం" అన్నప్పుడు కింది భాగాన్ని వదిలేస్తాం. మొదటి లెక్క జపనీస్‌కు అచ్చంగా సరిపోతుంది, రెండోది సరిపోదు. అపార్ట్‌మెంట్లు, లిఫ్టులు వచ్చాక అలవాటైన ఫస్ట్ ఫ్లోర్, సెకండ్ ఫ్లోర్ భాషే ఆమె నోట్లోంచి వస్తోంది. అందుకని క్లాసులో ఆ మాటలు నిషేధించాం. "కింద", "మేడ మీద", "మేడ మీద మేడ" అనే మాటలతోనే ప్రశ్న అడిగాం. కింద అంటే ఇక్కయి, మేడ మీద అంటే నికయి. జపాన్ ఇళ్లలో కూడా పిల్లాడు నికయిలో ఉన్నాడంటే మేడ మీద ఉన్నాడనే అర్థం.

నికయి కర మెగుసురి అని జపనీస్ సామెత ఒకటుంది. మేడ మీద నిలబడి కింద ఉన్నవాడి కంట్లో మందు చుక్క వేయబోవడం, అంటే అంది రాని పని. నేల మీద ఒకడు, వాడి నెత్తిన ఒక్క శ్లాబు, దాని మీద సీసా పట్టుకుని ఇంకొకడు. ఈ బొమ్మ ఒక్కసారి గీయించాం. నికయి మళ్లీ పక్కకి జారలేదు.

స్టిల్ట్ ఇళ్ల గురించి ప్రశ్న వచ్చింది. రావాల్సిందే. మన దగ్గర కింద స్తంభాల మధ్య బళ్లు పెట్టుకునే చోటును అంతస్తు కింద లెక్కేయరు, ఆ పైదే ఫస్ట్ ఫ్లోర్. జపాన్‌లో అలాంటి చోటు నేలకు సమంగా ఉంటే మామూలుగా అదే ఇక్కయి. స్టిల్ట్+5 కట్టడాన్ని అక్కడి లెక్కలో చెబితే రొక్కయిదతె.

"వీధి తలుపు ఉన్నది ఇక్కయి" అన్న సూత్రం వాలు నేల మీద చెల్లదు. టోక్యోలో షిబుయ అనే పేట లోయలాంటి చోట ఉంది. అక్కడ గింజా లైన్ మెట్రో ప్లాట్‌ఫామ్ 3వ అంతస్తులో, ఫుకుతొషిన్ లైన్ ప్లాట్‌ఫామ్ నేల కింద 5వ అంతస్తులో ఉంటాయి. ఒకవైపు నుంచి కట్టడంలోకి నడిచి వెళ్తే నేరుగా నికయిలో తేలడం అక్కడ వింత కాదు. సంరక్షణ కేంద్రం కొండవాలు మీద ఉన్నా ఇదే పరిస్థితి. కాబట్టి సూత్రం నేర్పాక, బోర్డు మీద అంకె ఏముంటే అదే అంతిమం అని కూడా చెప్పాలి. బోర్డు మీద 3 పక్కన ఎఫ్ అక్షరం ఉంటుంది. నోటితో మాత్రం సంగయి అనే అంటారు. నేల కిందివి బీ1, బీ2 అని రాసి చిక ఇక్కయి, చిక నికయి అని చదువుతారు. ఆర్ అని ఉంటే మిద్దె పైభాగం, ఒకుజో. రెండు అంతస్తుల మధ్య సగం ఎత్తులో ఉండేది చూనికయి. ఇది పెద్ద హోటళ్లలో, హాళ్లలో కనిపిస్తుంది తప్ప సంరక్షణ కేంద్రంలో పని పడేది తక్కువ.

రెండో మందు: పదిని మూడు గుంపులు చేయడం

కార్డు చూడగానే లోపల్లోపల లెక్కపెట్టుకోవడం ఎందుకొచ్చిందంటే, ఆమె పది మాటల్ని ఒకే దారానికి గుచ్చిన పూసల్లా నేర్చుకుంది. మధ్యలోది కావాలంటే మొదటి పూస నుంచి రావాల్సిందే. దండ తెంపి గుంపులు చేశాం.

ఏ మార్పూ లేనివి ఐదు: నికయి, యొంకయి, గొకయి, ననకయి, క్యూకయి. అంకె పక్కన కయి పెట్టడమే.

నొక్కి పలికేవి నాలుగు: ఇక్కయి, రొక్కయి, హక్కయి, జుక్కయి. ఇచి, రొకు, హచి, జూ చివరలు ఊడిపోయి కయిలోని క ద్విత్వమవుతుంది.

క కాస్తా గ అయ్యేది ఒక్కటి: సంగయి.

ఎందుకిలా అంటే, ఈ సంఖ్యల్లో కొన్ని చైనా నుంచి వచ్చినవి, కొన్ని దేశ్యాలు. మన వ్యాకరణం చదివినవాళ్లకు ఈ విభజన కొత్త కాదు. పాత చైనా భాషలో ఒకటి, ఎనిమిది త్‌తో, ఆరు క్‌తో, పది ప్‌తో ముగిసేవి. ఆ పొల్లు హల్లులు జపనీస్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు అచ్చు తోడు తెచ్చుకున్నాయి, లేదా పదిలో లాగా కరిగి దీర్ఘమయ్యాయి. వెనక క వస్తే మాత్రం దానిలో కలిసిపోయి ద్విత్వంగా మిగిలాయి. రెండు, ఐదు, తొమ్మిదికి చివర అలాంటి హల్లు లేదు, కాబట్టి మార్పూ లేదు. నాలుగుకి వాడే యొన్, ఏడుకి వాడే నన దేశ్యాలు. వాటికి ఈ సంధి వర్తించదు. నాలుగుకి చైనా మూలం షి, అది చావుకి కూడా అదే శబ్దం. అంతస్తుకి షికయి అనరు.

సంగయి తెలుగువాళ్లకు బహుమతి లాంటిది. సరళాదేశ సంధి బళ్లో చదివే ఉంటారు: పూచెను, కలువలు కలిస్తే పూచెనుంగలువలు. నకారం వెనక వచ్చిన పరుషం సరళమవుతుంది, క కి గ. సన్, కయి కలిస్తే సంగయి. ఆమె దీన్ని ఒక్కసారి విని పట్టేసింది. పట్టేశాక యొన్ చివర కూడా న్ ఉంది కదా అని యొంగయి అనడం మొదలుపెట్టింది. ఈ తప్పు వస్తుందని ముందే తెలిసి ఉండాలి. యొన్ దేశ్యం, దానికి సరళాదేశం లేదు అని అప్పుడే, అదే నిమిషంలో చెప్పాలి. తర్వాత చెబుదామనుకుంటే అది పాతుకుపోతుంది.

గుంపులు వచ్చాక పైవన్నీ ఉచితం. జూ ముందు తగిలించి ఒకట్ల అంకె ఏ గుంపుదో దాన్ని పలకడమే: జూనికయి, జూసంగయి, జూయొంకయి, జూరొక్కయి. సున్నాతో ముగిసే పదులన్నీ జుక్కయి దారిలోనే: నిజుక్కయి, సంజుక్కయి. నూరో అంతస్తు హ్యక్కయి, అదీ నొక్కి పలికేదే. పెద్ద అంకెలకు నిజమైన కట్టడాలే కార్డులు: టోక్యో మహానగర ప్రభుత్వ భవనంలో ఊరంతా చూసే గది 202 మీటర్ల ఎత్తున యొంజూగొకయిలో ఉంది. 1968లో పూర్తయిన కసుమిగసెకి భవనం సంజూరొక్కయిదతె. ఇకెబుకురోలోని సన్‌షైన్ 60 పేరులోనే రొకుజుక్కయి ఉంది.

పదికి జిక్కయి అనే రూపం కూడా వినిపిస్తుంది. చరిత్ర ప్రకారం అదే పాతది. జుక్కయి జనం నోట్లో పుట్టి స్థిరపడింది. 2010లో సవరించిన జోయో కంజీ పట్టికలో, అంటే రోజువారీ వాడుకకు ప్రభుత్వం ఇచ్చిన కంజీల జాబితాలో, జుక్కయిలోని జుక్ ఉచ్చారణను కూడా గమనికగా చేర్చారు. వినడానికి రెండూ తెలియాలి, పలకడానికి జుక్కయి చాలు. ఎనిమిదికి హచికయి, మూడుకి సంకయి కూడా ఇలాగే. సంకయి ఇప్పుడు కుర్రకారులో బాగా వినపడుతుంది. అయితే సంకయి అంటే మూడు సార్లు అని కూడా అర్థం. మందు రోజుకు మూడు సార్లు, మూడో అంతస్తు అనే రెండూ ఒకే పూటలో దొర్లే పనిచోటులో సంగయి అనడమే క్షేమం.

తెలుగు నాలుక చేసే మాయలు

ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే కాబట్టి ఇక్కయి, రొక్కయి ఇబ్బంది పెట్టవు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నవాళ్లు ఇకయి అని తేల్చేస్తే మనవాళ్లు తేల్చరు. మనది తిరగబడ్డ తప్పు: ఒకటీ ఆరూ నొక్కాం కదా అని నిక్కయి, గొక్కయి అంటారు. దీనికి చప్పట్లు మందు. జపనీస్‌లో ప్రతి అక్షరానికీ ఒకే నిడివి, నొక్కుకి ఒకటి, న్‌కి ఒకటి, దీర్ఘానికి అదనంగా ఒకటి. ఆ లెక్కన ఇ-క్-క-యి నాలుగు చప్పట్లు, స-న్-గ-యి నాలుగు, క్యు-ఉ-క-యి నాలుగు, న-న-క-యి నాలుగు. మొదటి పదింటిలో మూడు చప్పట్లవి రెండే: ని-క-యి, గొ-క-యి. ఈ సంగతి చెప్పాక నిక్కయి ఆగిపోయింది.

కయి రాయడంలో జాగ్రత్త కావాలి. నోటుబుక్కులో కాయి అని రాసుకున్నవాళ్లు బీరకాయిలో కాయిలా సాగదీస్తారు, ఒక చప్పట ఎక్కువవుతుంది. రెండు హ్రస్వాలు, క, యి. అలాగే గొకయిలో గొ హ్రస్వమే. గోకయి అని దీర్ఘం తీయకూడదు. హ్రస్వ ఒకారం తెలుగులో ఉంది కాబట్టి చెబితే చాలు, సాధన అక్కర్లేదు. హక్కయిలో హ మింగేస్తే అక్కయ్య వచ్చి కూర్చుంటుంది.

జు మీద ఎక్కువ సమయం పెట్టాల్సి వచ్చింది. తెలుగులో జకి రెండు పలుకులున్నాయి. జీతంలో జ వేరు, జుట్టులో జు వేరు. జుట్టులోది పంటి వెనక నుంచి వస్తుంది. జుక్కయిని ఆ జుతో పలికితే జపనీస్ చెవికి అది ఇంకో అక్షరం, జు కాదు. జీతం అనబోతూ నాలుక ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంచి జుక్కయి అనాలి. ఆమె చేత జీతం, జీ, జూ, జుక్కయి అని నాలుగు మెట్లలో అనిపించాం. 11 దగ్గర ఇంకో చిన్న జారుడు ఉంది: జూ, ఇక్కయి మధ్య మన యడాగమం దూరి జూయిక్కయి అవుతుంది. దానివల్ల నష్టం లేదు. జూ పొట్టిదై జుయిక్కయి అయితేనే దిద్దాలి.

అన్నిటికంటే మొండిది ఏడు. తెలుగులో మాట మధ్య హ్రస్వాలు వేగంలో ఎగిరిపోతాయి: కనపడు కన్పడు అవుతుంది, వినపడు విన్పడు అవుతుంది. అదే అలవాటుతో ననకయి నన్కయి అయిపోతుంది. జపనీస్‌లో నంకయి అంటే ఏ అంతస్తు అనే ప్రశ్న. లిఫ్ట్‌లో బటన్ల దగ్గరున్నవాళ్లు "నంకయి దెస్ క" అని అడుగుతారు. జవాబుగా ఈమె "నన్కయి" అంటే వాళ్లు అడిగిందే తిరిగి అడిగినట్టు ఉంటుంది. వినేటప్పుడూ ఇదే గొడవ, ఏడు వినిపిస్తే ప్రశ్న అనుకుంటుంది. రెండిటికీ నాలుగు చప్పట్లే, అంచేత చప్పట్లు ఇక్కడ సాయపడవు. తన వైపు నుంచి ప్రశ్న అడిగేటప్పుడు నంగయి అనమన్నాం. అది పాత రూపం, తప్పు కాదు, ఏడుతో కలవదు. ఏడు పలికేటప్పుడు రెండో న మీద వేలితో బల్ల తట్టమన్నాం.

వినికిడి: 12, 20, 13, 30

జూనికయి, నిజుక్కయి రెండూ ఐదేసి చప్పట్లు, రెండిటిలోనూ ని, జు ఉన్నాయి. వేగంగా వస్తే చెవి రెండు ముక్కల్నీ పట్టుకుని వరస మరిచిపోతుంది. జూసంగయి, సంజుక్కయి జంటది కూడా అదే కథ. ఇక్కడ పనికొచ్చిన చిట్కా ఒకటే. మొదట్లో ఏముందో వినొద్దు, కయికి ముందు ఏముందో వినాలి. కయి ముందు నొక్కి జుక్ అని వస్తే సున్నాతో ముగిసే అంకె. నొక్కకుండా ని కయి అని వస్తే రెండుతో ముగిసేది. గ వినిపిస్తే మూడుతో ముగిసేది, ఇంకేదీ కాదు. ఎదుటివాళ్లు సంకయి అనే రకమైతే ఈ చివరి గుర్తు పోతుంది. అప్పుడు జుక్ వినిపించలేదన్న సంగతే ఆధారం.

పన్నెండుకి ఒక బొమ్మ ఇచ్చాం. టోక్యో అసకుసలో 1890లో ర్యోఉన్‌కకు అనే 12 అంతస్తుల గోపురం కట్టారు. జనం దాన్ని ఊరికే జూనికయి అనేవాళ్లు. 1923 కాంతో భూకంపంలో పై అంతస్తులు కూలాయి, మిగిలింది తర్వాత పడగొట్టారు. పాత ఫొటో కార్డు వెనక అంటించాం.

సామగ్రి పెద్దగా ఏమీ లేదు. ఏ4 కాగితం నిలువుగా పెట్టి కింది నుంచి పైకి బీ2, బీ1, 1 నుంచి 15, ఆర్ బటన్లు గీశాం. అడ్డంగా గీసిన పట్టిక వద్దు, లిఫ్ట్ నిలువుగానే ఉంటుంది. పక్కన 20, 30, 40 విడిగా. ఒక్కో విడత పది నిమిషాలకు మించలేదు. ముందు వినికిడి, తర్వాత పలకడం, చివర తెలుగు చోటు నుంచి జపనీస్ అంతస్తు. వరసగా అప్పజెప్పడం పూర్తిగా మానేశాం. ఆమెకు అదే నచ్చే భాగం కాబట్టి మొదట్లో ముఖం మాడ్చుకుంది. కార్డు చూపాక రెండు సెకన్లలో రాకపోతే జవాబు మేమే చెప్పి కార్డు మధ్యలోకి తోసేశాం. ఆలోచించుకోమని సమయం ఇస్తే మళ్లీ లోపల ఇక్కయి నుంచి లెక్క మొదలవుతుంది.

పనిచోటులోకి దించడం

అంతస్తు పేరు వచ్చాక ప్రత్యయం దగ్గర ఇంకో గుంట ఉంటుంది. ఒక మనిషి గానీ వస్తువు గానీ ఉందని చెప్పాలంటే ని: సంగయి ని ఇమస్, సంగయిలో ఉన్నారు. అక్కడ ఏదైనా పని జరిగితే దె: నికయి దె తబెమస్, నికయిలో భోంచేస్తారు. తెలుగులో రెండిటికీ -లో ఒక్కటే, అందుకే కలుస్తాయి. భోజనాల గది ఎక్కడ అంటే షొకుదో వ నికయి దెస్ అని ముగించేస్తే ఈ రెండింటి జోలికి పోనక్కర్లేదు. కొత్తలో అదే మేలు.

గది నంబర్లు మంచి కాపలా. 305 గది సాధారణంగా సంగయిలోది. నంబరు సంబ్యకుగొ గోషిత్సు అని గానీ, అంకెలు విడివిడిగా, సున్నాని మరు అని పలుకుతూ సన్ మరు గొ అని గానీ చెబుతారు. అంతస్తు విన్నాక గది నంబరు మొదటి అంకెతో సరిపోయిందా అని చూసుకోవడం ఆమెకు అలవాటు చేశాం. కొన్ని ఆసుపత్రులు, హోటళ్లు 4, 9 ఉన్న గది నంబర్లు పెట్టవు. నాలుగులోని షి చావును, తొమ్మిదికున్న ఇంకో పలుకు కు బాధను గుర్తుచేస్తాయి. 203 పక్కన 205 ఉంటే వెతుక్కోవడం మొదలుపెట్టకూడదు.

డ్యూటీ అప్పగింతలో అంతస్తు వినగానే తిరిగి చెప్పాలి: "సంగయి దెస్ నె?", అంటే సంగయే కదా అని. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, అక్కడివాళ్లూ ఇదే చేస్తారు. చిక అన్న మాట ఒక్కోసారి గొణుగుడులో పోతుంది, చిక ఇక్కయి కాస్తా ఇక్కయిలా వినిపిస్తుంది. సామాన్ల గది, లాండ్రీ నేల కింద ఉన్న భవనంలో ఇది రోజూ వచ్చే సమస్య, కాబట్టి ఇక్కయి విన్నప్పుడల్లా కచ్చితంగా తిరిగి అడగమన్నాం.

చివరి విడతల్లో ఒక కొత్త సందు దొరికింది. మో ఇక్కయి అనే మాట ఆమె క్లాసులో లెక్కలేనన్ని సార్లు విన్నది, మళ్లీ ఒకసారి అని. మెట్ల మీద ఎదురైన మనిషి "మో ఇక్కయి ఉఎ దెస్" అంటే ఇంకో అంతస్తు పైన అని. ఈమె మో ఇక్కయి దగ్గరే ఆగి, తన ప్రశ్నను మళ్లీ చెప్పింది. స్వరం చూసి గుర్తుపట్టమనడం ఇక్కడ కుదరదు. మామూలుగా అంతస్తు ఇక్కయి చదునుగా సాగుతుంది, ఒకసారి ఇక్కయిలో క తర్వాత స్వరం దిగుతుంది. కానీ మో ముందు చేరితే ఒకసారి కూడా చదునైపోతుంది. వెనక ఉఎ (పైన) గానీ షిత (కింద) గానీ వచ్చిందా అని వినడమే దారి. తను చెప్పేటప్పుడు హితొత్సు ఉఎ నొ కయి, అంటే ఒకటి పై అంతస్తు, అని చెబితే ఈ పేచీయే లేదు.

మళ్లీ పరీక్షించినప్పుడు చోటు నుంచి అంతస్తుకి వెళ్లే ప్రశ్నల్లో ఒక అంతస్తు జారుడు లేదు. 6, 8 కార్డులకు పెదాలు కదలడం ఆగింది. 12, 20 జంట నెమ్మదిగా చెబితే నిలిచింది, లిఫ్ట్ రికార్డింగ్ వేగంలో ఇంకా అప్పుడప్పుడు తారుమారవుతోంది. ఏడు మాత్రం మాటల మధ్యలో వేగం పెరిగితే నన్కయి వైపే జారుతోంది. అందుకని తర్వాతి కార్డుల కట్టలో 7, 17 రెట్టింపు పెట్టి, ప్రతి దాని వెనకే నంగయి ప్రశ్న కార్డు ఒకటి దూర్చాం.